ఆకాశంలో ఓటీపీ అకాల మరణం

విమానం కువైట్ నేలను వదిలి రెండు గంటలు కావస్తున్న వేళ, అరేబియా సముద్రం మీద ఎక్కడో, 35,000 అడుగుల ఎత్తున, నా ఫోను తెర మీద ఒక వాక్యం వెలిసింది: ‘మీ రిజిస్టర్డ్ మొబైల్ నంబరుకు ఓటీపీ పంపించాము. 10 నిమిషాల్లోగా నమోదు చేయండి.’ ఈ వాక్యాన్ని పాఠకులు తొందరపడకుండా రెండుసార్లు చదువుకోవాలని మనవి. నేను ఆ రాత్రి నలభై సార్లయినా చదివాను. చదివిన ప్రతిసారీ అందులోని నిశ్చింతకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

జరిగినదేమిటంటే, విమానంలో ఇంటర్నెట్టు లేదు కనుక నేను ఇంటర్నెట్టు కొనబోయాను. కొనాలంటే కార్డు వివరాలు ఇవ్వమన్నారు, ఇచ్చాను. కార్డు నాదేనని నమ్మాలంటే ఓటీపీ చెప్పమన్నారు. ఓటీపీ రావాలంటే ఫోనుకు సిగ్నల్ ఉండాలి. సిగ్నలే ఉంటే ఆ మహానుభావుల దగ్గర అయిదు డాలర్లు పోసి గంటసేపటి ‘చాటింగ్ ప్యాక్’ కొనవలసిన ఖర్మ నాకేమిటి? పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అని మన పెద్దవాళ్లు ఏ విమానమూ ఎక్కకుండానే చెప్పిపోయారు. వాళ్ల దూరదృష్టిని శంకించినందుకు ఇప్పుడు చెంపలేసుకుంటున్నాను.

ఇంతకూ నాకు ఇంటర్నెట్టుతో అంత రాచకార్యం ఏముందని మీరు అడగవచ్చు. ఏమీ లేదు. కిటికీలోంచి రెక్క కొసన చందమామ కనబడింది, ఫోటో తీశాను, దానిని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టి నెల్లూరులోని మా మూలాపేట మొత్తాన్ని ఉడికిద్దామని ఆశపడ్డాను. విమానంలో ఇంటర్నెట్టు వాడకంలో సగానికి సగం ఇలాంటిదేనని నా గట్టి నమ్మకం. తక్కిన సగం సంగతి తర్వాత చెబుతాను.

నెల్లూరు వాడికి విమానయానమంటే మామూలుగానే కొంత భక్తి ఎక్కువ. మాకు విమానం ఎక్కడమంటే ముందుగా చెన్నై దాకా 175 కిలోమీటర్లు రోడ్డున పోవడం. దగదర్తిలో విమానాశ్రయానికి 2019లోనే శంకుస్థాపన జరిగింది, శంకువు భద్రంగానే ఉందని వినికిడి. అటు ఉత్తరాన కొరిశపాడు దగ్గర మాత్రం జాతీయ రహదారినే రన్‌వేగా మలిచి, 2024 మార్చిలో వాయుసేన వారు విమానాలు దించి, లేపి, చూపించారు. కాబట్టి విమానాశ్రయం లేని చోట విమానం దిగడం మాకు వింత కాదు. ఇంటర్నెట్టు లేని చోట వైఫై గుర్తు నిండుగా మూడు గీతలతో వెలగడం చూసినప్పుడు కూడా, ఇదేదో మన వైపు ఏర్పాటులాగే ఉందే అనిపించి, మొదట్లో ఆత్మీయంగానే తోచింది.

ఆ మూడు గీతల వెనక ఉన్న శాస్త్రం నిజంగా గొప్పది, దాన్ని వెక్కిరించే అర్హత నాకు లేదు. విమానం వీపు మీద చిన్న మూపురంలాగా ఒక యాంటెనా ఉంటుంది. పాత పద్ధతిలో అయితే అది భూస్థిర కక్ష్యలో, మన నెత్తికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహంతో మాట్లాడుతుంది. ఆ ఉపగ్రహం నేల మీది కేంద్రానికి కబురు దించుతుంది, అక్కడి నుంచి అది మామూలు ఇంటర్నెట్టులో కలుస్తుంది. అంటే విమానంలో నా సీటు పక్కనే కూర్చున్న మనిషికి నేను ‘భోంచేశావా’ అని వాట్సాప్ పెడితే, ఆ పలకరింపు పైకి వెళ్లి, కిందికి దిగి, సర్వరును దర్శించుకుని, మళ్లీ పైకి వెళ్లి, మళ్లీ విమానంలోకి దిగాలి. మొత్తం దాదాపు 1,43,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లే కదా, కనుక మూడున్నర భూప్రదక్షిణలు చేసి నా మాట నా మోచేతి పక్కకు చేరుతుంది. దీనికి పట్టేది అర సెకను పైచిలుకు. నెల్లూరు నుంచి కావలికి వెళ్లే బస్సులో కండక్టరు చిల్లర ఇవ్వడానికి పట్టే కాలంతో పోలిస్తే ఇది దైవలీల. స్టార్‌లింక్ వంటి కొత్త ఉపగ్రహాలు సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కనుక ఆ జాప్యం కూడా బాగా తగ్గింది, 2024 అక్టోబరు నుంచి ఖతార్ ఎయిర్‌వేస్ వంటి వారు వాటిని వాడుతున్నారు కూడా. ఇంత సాధించిన మానవుడు ఆరు అంకెల దగ్గర బోర్లా పడ్డాడు.

ఇక ఆ ఆరు అంకెల కథ. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు కనుక, నా ఓటీపీ ఏ దారిన వచ్చి ఎక్కడ చిక్కుకుందో విచారించడానికి కావలసినంత తీరిక దొరికింది. అది బ్యాంకువారి కంప్యూటరు కడుపున పుట్టింది. పుట్టగానే బ్రహ్మదేవుడు నుదుట ఆయుర్దాయం రాశాడు: 10 నిమిషాలు. పుట్టిన బిడ్డ చేత బ్యాంకువారు చేయి పట్టుకుని ప్రమాణం కూడా చేయించారు, ‘నాయనా, నీలోని అంకెలు ఎవరికీ చెప్పకు, బ్యాంకు ఉద్యోగినని చెప్పినవాడికి అసలే చెప్పకు’ అని. బిడ్డ సరేనని, సమన్లు పట్టుకున్న కోర్టు బంట్రోతులాగా పరుగు పెట్టి, మొదటి నిమిషంలోనే మూలాపేటలో మా ఇంటి ముందు వాలింది. తలుపుకు తాళం. ఎదురింటి అరుగు మీద వత్తులు చేసుకుంటున్న పెద్దావిడ తలెత్తి, ‘ఎవరి కోసం అబ్బయా? వాళ్లు కొడుకు దగ్గిరికి కువైటు పొయ్యారు గదా’ అంది. ఆమెకు రహస్యం చెప్పకూడదు, చెబితే ప్రమాణభంగం. మా ఓటీపీ మాట పెగలకుండా నమస్కారం పెట్టి, అప్పటికప్పుడు కువైట్ బయల్దేరింది.

అక్కడ విమానాశ్రయంలో విచారిస్తే, ఆ పెద్దమనిషి ఫోను చివరిసారి ఇక్కడే ఊపిరి తీసింది, తర్వాత ఫ్లైట్ మోడ్‌లోకి వెళ్లి సమాధి కట్టుకుంది అని చెప్పారు. అప్పటికి నాలుగు నిమిషాలు గడిచాయి. ఓటీపీ తిరిగి తూర్పు దారి పట్టి, సముద్రం మీద చీకట్లో మిణుకుమిణుకుమంటున్న దీపాలను వెతుక్కుంటూ వచ్చి, మా విమానాన్ని అందుకుంది. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాహనంతో సమానంగా పరుగెత్తుతూ, కిటికీ కిటికీలోకి తొంగి చూసింది. ఒక కిటికీలో ఎవరో నోరు తెరిచి నిద్రపోతున్నారు, ఒక కిటికీలో పసిబిడ్డ ఏడుస్తోంది, మూడో కిటికీలో నేను, మెడ వంచి, ఫోనునే చూస్తూ, ఆ ఓటీపీ కోసమే కాచుకుని ఉన్నాను. మా ఇద్దరికీ మధ్య జానెడు గాజుపలక. అది అద్దం మీద తట్టింది. సరిగ్గా అప్పుడే ఎయిర్ హోస్టెస్ వచ్చి, ప్రయాణికుల నిద్రకు భంగమని కిటికీ మూత కిందికి లాగింది.

మిగిలిన రెండు నిమిషాలు అది రెక్క మీద కూర్చుందని నా ఊహ. చందమామను చూసి ఉంటుంది. పదో నిమిషం నిండగానే అంకెలు ఒకటొకటిగా రాలి సముద్రంలో పడ్డాయి. ఇక్కడ లోపల నా తెర మీద మరో వాక్యం వెలిసింది: ‘ఓటీపీ గడువు ముగిసింది. మళ్లీ పంపించమంటారా?’ నేను పాపభీతి లేకుండా ‘పంపండి’ అని నొక్కాను. మూలాపేటలో మళ్లీ ఆ పెద్దావిడ వత్తులు పక్కన పెట్టి తలెత్తింది.

రెండు ఓటీపీల ఉసురు పోసుకున్నాక, మనసు ఉగ్గబట్టలేక బెల్లు నొక్కి ఎయిర్ హోస్టెస్‌ను పిలిచాను. ఎంతో మర్యాదస్తురాలు. ‘సార్, ఫ్లైట్ మోడ్ తీయకూడదు’ అని ముందుగానే హెచ్చరించింది. తీయను, మరి ఓటీపీ ఎలా వస్తుందమ్మా అన్నాను. ‘ల్యాండయ్యాక వస్తుంది సార్’ అంది. ల్యాండయ్యాక నాకు విమానంలో ఇంటర్నెట్టు ఎందుకు అన్నాను. ఆ పిల్ల క్షణం ఆలోచించి, సమస్య అక్కడితో తీరిపోయిందన్నట్టు చక్కగా నవ్వి, ‘అవును సార్, అప్పుడు అవసరం ఉండదు’ అంది. ఇంత నిర్దుష్టమైన తర్కాన్ని నేను తర్కశాస్త్రం చదివిన వాళ్ల దగ్గర కూడా చూడలేదు.

పోనీ ఇది నిన్న మొన్న పుట్టిన విద్య, నిదానంగా సర్దుకుంటుందిలే అనుకుందామంటే, అలా అనుకోవడానికి కూడా వీలు లేదు. బోయింగ్ వారు ‘కనెక్షన్’ అనే పేరుతో ప్రయాణికులకు ఆకాశంలో ఇంటర్నెట్టు అమ్మడం 2004లోనే మొదలుపెట్టి, గిట్టుబాటు కాక 2006లో మూసేసుకున్నారు. మన ప్రభుత్వం 2018 డిసెంబరులో విమానాలకూ ఓడలకూ కలిపి అనుసంధాన నియమాలు రాసింది, 3,000 మీటర్ల ఎత్తు దాటాకే వాడాలన్నది, 2020లో విమానం కెప్టెన్ అనుమతి సంగతి తేల్చింది, 2024లో మళ్లీ ఒకసారి దిద్దింది. 2025 జనవరి 1 నుంచి ఎయిరిండియా మన దేశం లోపల తిరిగే కొన్ని విమానాల్లో కూడా వైఫై పెట్టింది. ఇంటర్నెట్టులో కార్డుతో కొనేటప్పుడు రెండో తాళం ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి అమలు చేస్తున్నది, అది మంచి పనే, ఆ తాళం లేకపోతే నా పెన్షన్ ఈపాటికి ఏ ఊరి మోసగాడి ఇంట్లోనో ఏసీ అయి ఉండేది. ఇలా ఎవరి తాళం వారు, ఎవరి నియమం వారు, ఎవరి ఉపగ్రహం వారు శ్రద్ధగా తయారు చేసుకున్నారు. వీటన్నిటినీ ఒకే మనిషి ఒకే సీట్లో కూర్చుని ఒకేసారి వాడవలసి వస్తుందన్న సంగతి మాత్రం ఎవరి శాఖ కిందికీ రాలేదు.

అబద్ధమెందుకు, ఒకరికి ఆ సంగతి తట్టింది. 2024లో విస్తారా వారు తమ అంతర్జాతీయ విమానాల్లో అందరికీ 20 నిమిషాలు వైఫై ఉచితంగా ఇచ్చి, ఆ 20 నిమిషాల్లో ఓటీపీని ఈమెయిల్‌లో అందుకుని తక్కినది కొనుక్కోవచ్చునన్నారు. పొయ్యి ముట్టించుకోవడానికి పక్కింటివాళ్లు పిడక మీద ఇంత నిప్పు పెట్టి ఇచ్చినట్టు. ఆ సంస్థ అదే ఏడాది నవంబరులో ఎయిరిండియాలో కలిసిపోయింది. బుద్ధిమంతులకు ఆయుష్షు తక్కువ, ఓటీపీలకే కాదు.

ఇందులో మా జిల్లా పరువు సంగతి ఒకటుంది, అదీ చెప్పి ముందుకు పోతాను. శ్రీహరికోట 2022 విభజనలో తిరుపతి జిల్లాకు వెళ్లింది గాని రాకెట్టు పొగ ఇప్పటికీ మా మేడల మీదికి కనబడుతుంది, పిల్లల్ని చంకనేసుకుని ఎక్కి చూస్తాం, అది మా ఇంటి పెళ్లి లాంటిది. విమానాల్లో ఇంటర్నెట్టుకు కూడా పనికొచ్చేలా ఇస్రో చేసిన జీశాట్-ఎన్2 ఉపగ్రహం బరువు 4,700 కిలోలు, మన పెద్ద రాకెట్టు ఆ కక్ష్యకు మోసేది నాలుగు టన్నుల చిల్లర. కాబట్టి 2024 నవంబరు 19న దానిని అమెరికాలోని ఫ్లోరిడా నుంచి స్పేస్ఎక్స్ రాకెట్టు మీద పంపించారు. ఊళ్లో రేవు పెట్టుకుని పడవ కోసం పొరుగూరు పోయినట్టయింది. అయినా బాధ లేదు, మేము విమానం కోసం చెన్నై పోవడం లేదూ?

ఇప్పుడు ఇందాక ఆపిన తక్కిన సగం.

నా పక్క సీట్లో ముప్పై అయిదేళ్ల మనిషి, ఉదయగిరి వైపు పల్లె. కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరి నాలుగేళ్లయింది, ఇదే మొదటిసారి తిరిగి రావడం, అదీ అనుకోకుండా. నేను ఎయిర్ హోస్టెస్‌తో వాదించడం విని, నా యాస పట్టుకుని, మెల్లగా కదిలించింది. ‘సార్, మీది నెల్లూరేనా? ఈ ఇమానంలో ఫోను పన్జేస్తాదంట గదా. మా తమ్ముడికి ఒక్క మాట పెట్టాల. అమ్మని నెల్లూరు ఆస్పత్రిలో ఐసీయూలో పెట్టినారు. నేను ఎక్కేటప్పుడు మాట్లాడతా ఉంటే ఫోను కట్ అయింది.’ ఆమె అరచేతిలో, చెమటకు తడిసి, నాలుగు మడతలు పెట్టిన దీనారు నోట్లున్నాయి. ‘ఎంతైనా ఇస్తా సార్, వాళ్లకు ఇయ్యండి.’

నేను మళ్లీ బెల్లు నొక్కాను. ఆ విమానంలో కప్పు నూడుల్స్‌కు నోటు తీసుకుంటారు, కాఫీకి తీసుకుంటారు, సెంటు సీసాకు తీసుకుంటారు. ఇంటర్నెట్టుకు తీసుకోరు, అది కార్డుకు మాత్రమే అమ్ముడుపోయే సరుకు. ఆమెకు కార్డు లేదు. జీతం నోట్లుగా చేతికిస్తారు, ఆమె దాన్ని కౌంటరులో కట్టి ఇంటికి పంపుతుంది, నాలుగేళ్లుగా ఆమె బ్యాంకంటే అదే. నా కార్డు ఉంది, దాని గతి మీకు తెలుసు. అయినా ఆమె కళ్ల ముందు ఊరకే కూర్చోలేక మూడో ఓటీపీ తెప్పించాను, నాలుగోది తెప్పించాను. పదేసి నిమిషాలు ఇద్దరం ఒకే ఫోను మీదికి వంగి కూర్చున్నాం. ఎత్తు 35,000 అడుగులు, బయట మైనస్ 50 డిగ్రీలు అని ముందు సీటు తెర చూపిస్తోంది, గమ్యానికి ఎంత దూరమో కిలోమీటరుతో సహా చూపిస్తోంది. మనిషికి అక్కరలేని లెక్కలన్నీ ఉచితం.

తెర మీదే ఇంకో బొమ్మ కూడా వచ్చి పోతోంది, వైఫై ప్రకటన. టై కట్టుకున్న కుర్రవాడొకడు ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని, మబ్బుల్లోంచి ఏదో కోట్ల వ్యాపారం ముగించినట్టు నవ్వుతున్నాడు. ముందు వరుసల్లో కూర్చునే అలాంటి వారికి ఆ ఇంటర్నెట్టు ఉచితమే, ఓటీపీ అక్కరలేదు, సీటు నంబరు చెబితే చాలు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండయ్యా! ఆ విమానం నిండా ఉన్నది ఎవరు? ఇళ్లు తుడిచేవాళ్లు, వంట చేసేవాళ్లు, ఎండలో ఇనుము మోసేవాళ్లు, డ్రైవర్లు. మీ రెక్కలకు నూనె పోసేది వాళ్ల టిక్కెట్ల డబ్బు. వాళ్లలో సగం మంది ఎక్కేది చావుకో, పెళ్లికో, ఆసుపత్రికో. టై కుర్రవాడి ఈమెయిల్ అయిదు గంటలు ఆగితే ఏ కొంపా మునగదు. విమానంలో ఇంటర్నెట్టు నిజంగా కావలసిన మనిషి ఒక్కరే ఉంటే, అది తల్లి బతికుందో లేదో తెలియకుండా గాలిలో వేలాడుతున్న ఆ మనిషే. సరిగ్గా ఆమెకే అందకుండా ఇంత కట్టుదిట్టంగా ఏర్పాటు చేశారు. ఒక్క వరుస అక్షరాలు! వెయ్యి బొమ్మల సినిమా అడగలేదు, వీడియో కాల్ అడగలేదు, ‘అమ్మకెట్టుంది’ అని ఒక్క వరుస. అది పంపడానికి మీ ఉపగ్రహానికి ఖర్చయ్యేది ఏముంది? సిగ్గుండవద్దా? ఆ ఒక్క వరుసకు తాళం వేసి, తాళంచెవిని నేల మీద వదిలేసి, అయిదు డాలర్ల బోర్డు పెట్టినవాణ్ణి ఆ రాత్రి ఆమె పక్కన కూర్చోబెట్టాల్సింది. ఏడవకుండా ఏడవడం ఎలా ఉంటుందో చూసి ఉండేవాడు.

క్షమించాలి. గొంతు పెరిగింది, పత్రికలో ఇలా అరవకూడదు.

చెన్నైలో తెల్లవారుజామున దిగాం. చక్రాలు నేలను తాకీ తాకకముందే, సీటు బెల్టులు విప్పవద్దని మైకులో మొత్తుకుంటుండగానే, విమానమంతా ఫోనుల కిలకిలలు మొదలయ్యాయి. నేనూ ఫ్లైట్ మోడ్ తీశాను. ఆమె కువైట్ సిమ్ము ఇక్కడ పనిచేయదు, పాత నెల్లూరు సిమ్ము ఎప్పుడో ఆగిపోయింది, అందుకని నా ఫోను ఆమెకే ఇచ్చాను. నంబరు చూడకుండానే నొక్కింది. అవతల తమ్ముడు ఎత్తినట్టున్నాడు, ఆమె రెండు చేతులతో ఫోనును చెవికి అదుముకుని, కాసేపు ఏమీ అనకుండా విన్నది, తర్వాత ముందు సీటుకు నుదురు ఆనించుకుంది. రాత్రి పన్నెండింటికే అమ్మకు తెలివొచ్చిందట, రెండింటికి వార్డుకు మార్చారట, చారన్నం రెండు ముద్దలు తిన్నదట, కూతురు వస్తోందని పక్క మంచాలవాళ్లందరికీ చెబుతోందట. ఆ ఆసుపత్రిలో ఊడ్చే ఆమెకు కూడా తెలిసిన ఆ కబురు, అయిదు గంటలుగా తెలియనిది ఈమెకొక్కదానికే.

ఉన్నట్టుండి ఆమె ఉలిక్కిపడి ఫోనును చెవికి దూరంగా పెట్టింది. అది చేతిలో వణుకుతోంది, ఒకటి, రెండు, మూడు, నాలుగు సార్లు. ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, రెండో చేత్తో దాన్ని నా వైపు చాచింది.

‘సార్, మీకేందో నంబర్లు వస్తా ఉండాయి. ఎవరికీ చెప్పొద్దంట.’